ఒక్క ట్రే గ్రానోలా, నాలుగు డబ్బాలు

పోయిన ఎండాకాలం సెలవుల్లో మొదలైంది ఈ గోల. మా వాడికి పొద్దున్నే ఇడ్లీ వద్దు, ఉప్మా అసలే వద్దు, దోశ అయితే ఓకే కానీ అదీ రోజూ వద్దు, ఎవరో ఫ్రెండ్ వాళ్లింట్లో గ్రానోలా తిన్నాడంట, ఓట్సూ పప్పులూ తీపితో కలిపి కరకరలాడేలా ఓవెన్లో కాల్చి పాలల్లోనో పెరుగులోనో వేసుకుంటారు చూడండి, అది, ఇక అదే కావాలి. సరే కదా అని సూపర్ మార్కెట్‌లో ఒక ప్యాకెట్ తీసుకున్నా, బిల్లు వేసేటప్పుడు రేటు చూసి ఒకసారి గతుక్కుమన్నా కూడా. ఇంటికొచ్చాక వెనకాల సన్నక్షరాలు చదువుతుంటే అప్పుడు వెలిగింది లైటు. ప్యాకెట్ మీద పదార్థాల్ని ఎక్కువ బరువున్నదాని నుంచి తక్కువ బరువున్నదాని దాకా వరసగా రాయాలి, అది రూలు. ముందువైపు బొమ్మలో తేనె కారుతున్న బాదంపప్పులు, వెనకాల చూస్తే ఓట్స్ తర్వాత రెండోది చక్కెర, బాదం ఎక్కడో ఆరో ఏడో ప్లేసులో నక్కి ఉంది. ఇంకో కిటుకు ఏంటంటే చక్కెర, ఇన్వర్ట్ సిరప్ (ఇదీ చక్కెరతో చేసిన పాకమే), తేనె అని విడివిడిగా రాస్తారు, అప్పుడు ఒక్కోటీ కాస్త కిందికి దిగిపోతుంది, అన్నీ కలిపి ఒక్కటిగా రాస్తే ఏ ప్లేసుకొస్తుందో మీరే లెక్కేసుకోండి.

అంతా చేసి మా వాడు అందులో కిస్‌మిస్‌లు ఒక్కోటీ ఏరి కంచం అంచున పెట్టాడు. వాడికి కిస్‌మిస్ అంటే పరమ చిరాకు. మా ఆయన ఆ కిస్‌మిస్‌లు తినేసి, ఇందులో ప్రోటీన్ ఏదీ అన్నాడు. అప్పుడే తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు, నాన్నకి షుగర్, అమ్మకి కింద పన్ను కదులుతోంది. ఇంతమందికి నచ్చే ప్యాకెట్ ఏ కంపెనీ అమ్ముతుంది చెప్పండి. ఇంట్లో ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, ఎలాగూ ఏడాదికి రెండు కేకులు చేసి ఖాళీగా కూర్చుంది, మనమే చేద్దాం అనుకున్నా.

మొదటిసారి ఇంట్లో ఉన్న ఇన్‌స్టంట్ ఓట్స్ వేశా. పాలల్లో వేయగానే ఉడికిపోయేవి ఉంటాయి చూడండి, అవి. ఓవెన్ లోంచి రవ్వ లాంటిది వచ్చింది, దాని గురించి ఇంక మాట్లాడుకోవద్దు. గ్రానోలాకి కావాల్సింది రోల్డ్ ఓట్స్, అంటే ఆవిరి మీద మెత్తబరిచి రోలర్ల కింద అటుకుల్లాగా వత్తిన పెద్ద రేకులు. ఇన్‌స్టంట్ అంటే వాటినే ఇంకా పల్చగా వత్తి ముక్కలు చేస్తారు. స్టీల్ కట్ అని ఇంకో రకం ఉంది, గింజని తరిగినవి, వాటితో చేస్తే పళ్ల డాక్టర్ దగ్గరికి అమ్మతో పాటు నేనూ వెళ్లాల్సొచ్చేది.

రెండోసారి అమ్మ రంగంలోకి దిగింది. నేను బెల్లం కరిగిస్తుంటే పక్కన నిలబడి చూసి చూసి, "ఏమే, ఆ నీళ్ల పాకంతో అవి ఎట్టా అతుక్కుంటాయే, లే పక్కకి" అని గరిటె లాక్కుంది. పల్లీ చిక్కీలో మా అమ్మ చెయ్యి మా వీధి మొత్తానికీ తెలుసు. పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుని పాకం బొట్టు అందులో వేసి, వేలితో పోగు చేసి ఉండ చేసి, దాన్ని పళ్లేనికేసి కొడితే ఠంగుమని చప్పుడు రావాలి, అదీ ముదురు పాకం. ఠంగుమంది. ఓట్స్, పల్లీలు, బాదం, గుమ్మడి గింజలు అన్నీ అందులో పోసి తిప్పబోతే గరిటె మధ్యలోనే ఆగిపోయింది. సగం ఓట్స్‌కి పాకం అంటనే లేదు, మిగతా సగం ఒక్క ముద్ద. సరే అదే ట్రేలో పరిచి ఓవెన్లో పెట్టా. బయటికొచ్చింది గ్రానోలా కాదు, నాపరాయి. అప్పడాల కర్రతో కొడితే కర్రకే చిన్న సొట్ట పడింది, నిజంగా, ఇప్పటికీ ఉంది. మా వాడు మాత్రం ఒక ముక్క నోట్లో పెట్టుకుని సాయంత్రం దాకా చప్పరించాడు, అమ్మమ్మా సూపర్ అని ఆవిడకి సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు.

ఆ రాత్రి ఊరుకోలేక దీని పుట్టుపూర్వోత్తరాలు వెతికితే మనం చేసింది మరీ తప్పేమీ కాదని తేలింది. 1863లో న్యూయార్క్ రాష్ట్రం డాన్స్‌విల్‌లో ప్రకృతి వైద్యశాల లాంటిది నడిపే జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే ఆయన పొట్టుతో ఉన్న గోధుమ పిండిని రొట్టెలుగా కాల్చి, ముక్కలు చేసి, మళ్లీ కాల్చి, మళ్లీ ముక్కలు చేసి గ్రానులా అని పేరు పెట్టాడు. ఓట్స్ లేవు, తేనె లేదు, గట్టిగా రాళ్లలా ఉంటే రాత్రంతా పాలల్లో నానబెట్టి పొద్దున తినేవాళ్లంట. తర్వాత మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్‌లో జాన్ హార్వీ కెలాగ్ అనే డాక్టర్ తన శానిటోరియంలో, అదీ అలాంటి వైద్యశాలే, వేరే ధాన్యాలు కలిపి అలాంటిదే చేసి అదే పేరు పెట్టుకున్నాడు, జాక్సన్ ఒప్పుకోలేదు, గొడవయ్యాక ఒక్క అక్షరం మార్చి గ్రానోలా చేశాడు. కాబట్టి రాయితోనే మొదలైంది ఈ వంటకం. అమ్మకి ఇది చెప్తే, "నానబెట్టి తినేదానికి కాల్చడం దేనికే" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అసలు పొరపాటు ఎక్కడంటే, చిక్కీకి పొయ్యి మీదే పాకం పని అయిపోవాలి ఎందుకంటే తర్వాత దాన్ని ఉడికించేది ఏదీ లేదు. గ్రానోలాకి అలా కాదు, బెల్లం పల్చగా ఉన్నప్పుడే ప్రతి ఓటు రేకుకీ అంటుకోవాలి, అందులో నీళ్లు ఓవెన్లో మెల్లగా ఎగిరిపోయి అక్కడే పాకం ముదురుతుంది. అంటే పాకం పట్టేది ఓవెనే, మనం గిన్నెలో కరిగించి వడగట్టి ఇస్తే చాలు. అమ్మ ఇది వినగానే ఒప్పుకోలేదులెండి, మూడోసారి ట్రే చూశాకే ఒప్పుకుంది, అది కూడా మాటల్లో కాదు, గుప్పెడు తీసుకుని టీవీ ముందుకెళ్లింది.

ఇప్పుడు నా కొలతలు ఇవి. మూడు కప్పుల రోల్డ్ ఓట్స్, ఒక కప్పు పప్పులు అంటే బాదం జీడిపప్పు పల్లీలు మీ ఇష్టం, అర కప్పు గింజలు, అర కప్పు బెల్లం పొడి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు, కప్పులో మూడో వంతు నెయ్యో కొబ్బరినూనో, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు మానేయకండి ప్లీజ్, అది లేకపోతే తీపి మొద్దుగా ఉంటుంది, రుచి తెలీదు. నూనె తగ్గిస్తే హెల్తీ కదా అని నేనూ ఒకసారి రెండు స్పూన్లతో చేశా, గొంతులో పొట్టు తగిలినట్టు వచ్చింది, ఓట్స్ కరకరలాడాలంటే ఆ పల్చటి నూనె పూత ఉండాల్సిందే. బెల్లం, నీళ్లు, నెయ్యి చిన్న మంట మీద కరిగి ఒక్క పొంగు రాగానే దింపేయాలి, వేడి మీదే ఓట్స్‌లో పోసి చేత్తో కలపాలి, కాలుతుంది, అయినా గరిటె కన్నా చెయ్యే నయం. బెల్లం బదులు తేనె అయినా అంతే కొలత, అప్పుడు నీళ్లు అక్కర్లేదు, కానీ తేనె తొందరగా రంగు మారిపోతుంది కాబట్టి కన్నేసి ఉంచాలి. ఏడాది నిండని పిల్లలుంటే మాత్రం తేనె జోలికే పోవద్దు, ఓవెన్లో పెట్టినా సరే.

ఓవెన్ 150 డిగ్రీలు, ముందు పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ట్రేలో బేకింగ్ పేపర్ మీద పల్చగా పరిచి మొత్తం పాతిక ముప్పై నిమిషాలు. పదిహేను నిమిషాలకి ఒకసారి తీసి అంచుల్లోవి మధ్యకి, మధ్యవి అంచులకి తిప్పాలి, ఓటీజీల్లో అంచులు ముందు మాడతాయి. తిప్పాక గిన్నె అడుగుతో గట్టిగా అదిమేయాలి. ఇక్కడ అందరూ చేసే తప్పొకటి ఉంది, నేనూ చేశా. టైమ్ అయ్యాక తీసి వేలితో నొక్కితే మెత్తగానే ఉంటుంది. ఇంకా అవ్వలేదేమో అని మళ్లీ లోపల పెట్టామా, మాడు వాసనే. వేడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, చల్లారాకే కరకరలాడుతుంది, జంతికలు కూడా అంతే కదా. నేతిలో వేయించిన జీడిపప్పు రంగు, ఇల్లంతా బొబ్బట్లు కాల్చిన వాసన, అది వచ్చిందంటే అయిపోయినట్టే. తీశాక గంట సేపు ట్రేని ముట్టుకోకూడదు, కదిపితే పొడి అవుతుంది, కదపకపోతే పెళ్లలు పెళ్లలుగా వస్తుంది. ఆ గంట మా ఇంట్లో చాలా కష్టం.

ఇంక ఎవరికి కావాల్సింది వాళ్లకి ఎలా అంటే, దాని గుట్టంతా ఏది ఎప్పుడు వేయాలి అన్నదే. బాదం, పల్లీలు, గుమ్మడి గింజలు మొదట్నుంచీ ఓట్స్‌తోనే. నువ్వులు, ఎండు కొబ్బరి తురుము తొందరగా మాడేవి కాబట్టి మధ్యలో తిప్పేటప్పుడు కూడా కాదు, ఆఖరి ఎనిమిది నిమిషాల్లో పైన చల్లాలి. ఖర్జూరం, కిస్‌మిస్, ఎండిన అంజీర్ ఇవి ఓవెన్ మొహం చూడనే కూడదు, చూశాయా, నల్లగా చింతగింజల్లా అయిపోయి చేదొస్తాయి. చాక్లెట్ ముక్కలు పూర్తిగా చల్లారాక. అంటే ట్రే ఒకటే, పొత్తులో కాపురం లాగా, డబ్బాల్లోకి వెళ్లేటప్పుడు మాత్రం ఎవరిది వాళ్లదే. మా వాడి డబ్బాలో చాక్లెట్ ముక్కలు, కిస్‌మిస్ నిషేధం. మా ఆయన దాంట్లో గుమ్మడి గింజలు, వేయించిన పుట్నాలు ఇంకో అర కప్పు అదనం. నాది ఖర్జూరం, కొబ్బరి, యాలకులు, ఇదేదో కొబ్బరి లౌజు తింటున్నట్టుంటుంది.

నాన్నది మాత్రం ముందే వేరు చేయాలి ఎందుకంటే బెల్లం కలిపాక మళ్లీ తీయలేం కదా. బెల్లమైతే పర్లేదు తేనె అయితే పర్లేదు అని ఫ్యామిలీ గ్రూపుల్లో పంపుతుంటారు, షుగర్ ఉన్నవాళ్లకి అన్నీ తీపే, నాన్న ఎదురుగానే మా డాక్టర్ గట్టిగా చెప్పాడు. తీపి లేకుండా పెళ్ల కట్టాలంటే గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి కలుపుతారు, కానీ నాన్న శనివారం గుడ్డు ముట్టుకోరు, ఏ డబ్బా శనివారం తింటారో చూసుకుంటూ కూర్చోలేను. అందుకని రెండు స్పూన్ల అవిసె గింజల పొడిలో ఆరు స్పూన్ల నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేస్తా, బెండకాయ జిగురులా అవుతుంది, దాంతో పాటు కాస్త నూనె, దాల్చినచెక్క పొడి, ఉప్పు, ఒక కప్పున్నర ఓట్స్‌కి సరిపోతుంది. చిన్న ప్లేటులో అదే ఓవెన్లో కింది వరసలో పెడతా. పెరుగులో మూడు స్పూన్లు వేసుకుని తింటారు. ఓట్స్‌లో కూడా పిండిపదార్థం ఉంటుంది కాబట్టి గిన్నెడు వేసుకుంటానంటే కుదరదు అని అమ్మే కాపలా.

అమ్మకి పన్ను బాగయ్యాక ఆవిడ డబ్బాలో ఓట్స్ సగమే, మిగతా సగం జొన్న అటుకులు. ఇవి పల్చగా ఉండి తొందరగా వేగుతాయి కాబట్టి ఐదారు నిమిషాలు ముందే తీసేయాలి. ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా ఆవిడే సొంతంగా బెల్లం తీసేసి కరివేపాకు, పసుపు, కారం, ఇంగువ, పల్లీలు వేసి కారం గ్రానోలా చేసింది. అమ్మా ఇది అటుకుల మిక్చరే కదా అంటే, "మరి ఇన్నాళ్లూ నువ్వు చేసిందేంటే, తీపి మిక్చర్" అంది. బాగుంది, దాచడం ఎందుకు, పెరుగన్నంలో నంజుకుంటే ఇంకా బాగుంది.

ఓవెన్ లేనివాళ్లు అడుగుతుంటారు, మందపాటి మూకుడు చాలు. ఓట్స్ చిన్న మంట మీద పది నిమిషాలు ఓపిగ్గా వేయించాలి, పప్పులు విడిగా వేయించాలి. ఇక్కడ తర్వాత ఆరబెట్టే ఓవెన్ లేదు కాబట్టి అమ్మ పాకం కావాలి, కాకపోతే ఠంగుమనేదాకా పోకూడదు, నీళ్లల్లో వేస్తే మెత్తటి ఉండ కట్టే దగ్గర ఆపి, వెంటనే కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పరిచేయాలి. కొంచెం సాగుతుంది, కానీ బాగుంటుంది.

పప్పులు నేను బేగంబజార్ నుంచి రెండు మూడు నెలలకి ఒకసారి తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెడతా, బయటుంటే నూనె కంపు వస్తాయి. చేసిన గ్రానోలా గాజు సీసాలో మూత గట్టిగా పెడితే మూడు వారాలు బానే ఉంటుంది, అంతవరకు మిగిలితే. వానాకాలంలో ఒకరోజు మా వాడు మూత పెట్టడం మర్చిపోయి స్కూల్‌కి వెళ్లాడు, సాయంత్రానికి మొత్తం మెత్తబడింది. పారేయక్కర్లేదు, పళ్లూ చాక్లెట్లూ ఏరేసి 150లో ఏడు నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్లీ కరకరలాడింది. చాక్లెట్లు ఏరే పని వాడికే ఇచ్చా. ఏరినవి లెక్కకి కొన్ని తగ్గాయి, అడగలేదు.

ఈ ఆదివారం సజ్జ అటుకులు తెచ్చా, సగం సగం కలిపి పెట్టా. ఇది రాస్తుంటే ట్రే గట్టు మీద చల్లారుతోంది, ఇంకా నలభై నిమిషాలు ఉంది, అమ్మ ఇప్పటికే రెండుసార్లు నీళ్లు తాగడానికని వంటింట్లోకి వెళ్లొచ్చింది.