కంటికి మైక్రోమీటర్ పెట్టేదెలా?

బాలానగర్‌లో ముప్పై నాలుగేళ్ళు లేత్ మెషిన్ ముందు నిలబడ్డవాణ్ణి. కొలత తేడా వస్తే నాకు అన్నం సహించదు. అలాంటిది శుక్లం ఆపరేషన్‌లో ఏ పవర్ లెన్స్ పెట్టాలో తేల్చడానికి కంటి పొడవు కొలిపిస్తే, నా కుడి కన్నుకే రెండు చోట్ల రెండు కొలతలొచ్చాయి.

మొదట మా ఇంటి దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో చూపించుకున్నాను. చుక్కల మందుతో కన్ను మొద్దుబార్చి, పెన్ను లాంటి ప్రోబ్‌ను కార్నియాకి, అంటే కంటి ముందుండే పారదర్శక పొరకి, ఆనించారు. ఎ-స్కాన్ అట. శబ్దం లోపలికెళ్ళి కంటి వెనక పొర రెటీనాకి తగిలి తిరిగొచ్చే టైమును బట్టి కంటి పొడవు చెబుతుంది. స్లిప్పు మీద 22.91 మిల్లీమీటర్లు. మావాడు "ఇంకోచోట కూడా చూపిద్దాం నాన్నా" అని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ అదే కన్ను 23.32.

మా షాపులో అంత తేడా వస్తే జాబ్ స్క్రాపే.

కారణం నాకు వెంటనే తట్టింది. మెత్తటి నైలాన్ ముక్కను మైక్రోమీటర్‌లో, అంటే మేం సైజు కొలిచే పనిముట్టులో, గట్టిగా బిగిస్తే సైజు తక్కువే చూపిస్తుంది. అందుకే దానికి రాట్చెట్ ఉంటుంది, టిక్ టిక్ అనగానే చెయ్యి ఆపేస్తాం. ప్రోబ్ పట్టిన చేతికి రాట్చెట్ ఏదీ? కార్నియా కాస్త లోపలికి నొక్కుకుపోయింది, కన్ను పొట్టిదైంది.

రెండో చోట ఏదీ ముట్టుకోలేదు. "గడ్డం ఇక్కడ పెట్టండి అంకుల్, నుదురు ఆనించండి. ఎదురుగా ఎర్ర లైటు ఉంది కదా, దాన్నే చూడండి" అంది అక్కడ మెషిన్ చూసుకునే అమ్మాయి. నిమిషంలో అయిపోయింది. నేను మాత్రం లేవలేదు. కాంతి కంటి పొడవు దాటడానికి నానోసెకనులో పదో వంతు చాలు, అంత టైము ఏ గడియారంతో కొలుస్తారమ్మా అని అడిగాను.

అసలు టైమే కొలవరట. లేజర్‌ను రెండు కిరణాలు చేసి, అద్దం జరుపుతూ ఒకదాన్ని వెనకబడేలా చేసి, రెండింటినీ కంట్లోకి పంపుతారు. కార్నియా మీంచి వెనక్కొచ్చిన కిరణం, రెటీనా మీంచి వచ్చిన కిరణం సరిగ్గా కలిసినప్పుడే సిగ్నల్ లేస్తుంది. అప్పుడు అద్దం ఎంత జరిగి ఉందో చూసుకుంటే కంటి పొడవు తేలుతుంది. కంట్లో కాంతి కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి ఆ మేరకు సవరిస్తారు. రెండు కిరణాలూ కంటి నుంచే వస్తాయి గనుక తల కొద్దిగా ఊగినా లెక్క చెడదు. ఈ ఉపాయం నాకు భలే నచ్చింది. ఫెర్చర్ అనే ఆస్ట్రియా భౌతికశాస్త్రవేత్త 1980లలో దీని మీద పనిచేశాడు. జైస్ కంపెనీ 1999లో మెషిన్‌గా తెచ్చింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఇప్పుడు డాక్టర్లు వాడే ఫార్ములాలు వేరు గానీ, 1980 నాటి ఎస్‌ఆర్‌కె అనే పాత ఫార్ములా అయితే నాలాంటివాడు కూడా కాగితం మీద వేసుకోవచ్చు. ఒక్కో రకం లెన్స్‌కి ఒక స్థిర సంఖ్య ఉంటుంది, అది 118.4 అనుకుందాం. అందులోంచి పొడవుకి రెండున్నర రెట్లు, కార్నియా పవర్‌కి 0.9 రెట్లు తీసెయ్యాలి. నా కార్నియా 43.5. పొడవు 23.32 అయితే 20.95, అంటే 21 పవర్ లెన్స్. 22.91 అయితే దాదాపు 22. ఆ 22 పెట్టించుకుని ఉంటే దూరం మసకగా ఉండి, మళ్ళీ మైనస్ అద్దాలు పెట్టుకోవాల్సొచ్చేది.

ఎడమ కన్ను దగ్గర మాత్రం ఆ మెషిన్ చేతులెత్తేసింది. శుక్లం బాగా ముదిరిపోయి కాంతి లోపలికి పోవడం లేదు. చివరికి మళ్ళీ శబ్దమే దిక్కయింది. కాకపోతే ఈసారి కంటి మీద చిన్న గిన్నె లాంటిది పెట్టి, నీళ్ళలాంటి ద్రవం నింపి, ప్రోబ్‌ను అందులో ముంచి పట్టుకున్నారు. కార్నియాకి తగల్లేదు. దానికి వాళ్ళు పెట్టిన రాట్చెట్ అదన్నమాట.

వచ్చేముందు ఒక మాట అడక్కుండా ఉండలేకపోయాను. "సరే తల్లీ, మరి మీ మెషిన్ సరిగ్గా ఉందని ఎట్లా తెలుస్తుంది?" అన్నాను. ఆమె నవ్వి, సొరుగులోంచి ఒక ఉత్తుత్తి కన్ను తీసి చూపించింది. రోజూ పొద్దున్నే ముందు దాన్ని కొలుస్తారట. పనిముట్లు సరిచూసుకోవడానికి మేం వాడే, కొలత ముందే తెలిసిన స్టీలు దిమ్మలు, స్లిప్ గేజుల లాంటిదే. మావాడు తలుపు దగ్గర నిలబడి టైము చూసుకుంటున్నా, దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసి ఇచ్చాను.