రీసెర్చ్‌గేట్ దగ్గర మీ గురించి ఏముంది, దాన్ని ఎలా అడగాలి

పీహెచ్‌డీలో చేరగానే గైడు చెప్పే మొదటి పనుల్లో ఇదొకటి: ఆర్కిడ్ నంబరు (పరిశోధకుల శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకో, గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ పెట్టుకో, మన దేశ పరిశోధకుల జాబితా విద్వాన్‌లో వివరాలు నింపు, పరిశోధకుల సోషల్ నెట్‌వర్కు రీసెర్చ్‌గేట్‌లో చేరు. గంటలో అన్నీ అయిపోతాయి. ఆ గంటలో టైపు చేసిన పేరు, డిపార్ట్‌మెంటు, ఈమెయిలు, అంతవరకే వాళ్ల దగ్గర ఉంటాయని చాలామంది అనుకుంటారు. రీసెర్చ్‌గేట్ విషయంలో మాత్రం మీరు టైపు చేసింది కొంచెమే. మీరు చదివే తీరు నుంచి పోగయ్యేదీ, సహ రచయితలు మీ గురించి పెట్టేదీ దానికి ఎన్నో రెట్లు.

రీసెర్చ్‌గేట్ 2008లో మొదలైంది. నడిపేది బెర్లిన్‌లోని ఒక ప్రైవేటు కంపెనీ. సభ్యత్వానికి రుసుము లేదు. ఆదాయం ముఖ్యంగా పరిశోధక ఉద్యోగాల ప్రకటనల నుంచీ, ల్యాబ్ పరికరాలు, రసాయనాలు అమ్మే కంపెనీలు, ప్రచురణ సంస్థలు ఇచ్చే ప్రకటనల నుంచీ వస్తుంది. ప్రకటన ఇచ్చేవాళ్లకు మీ పేరుతో పని లేదు. ఏ రంగం, ఏ దేశం, ఏ స్థాయి, ఈ మధ్య ఏ అంశం మీద పేపర్లు తెరుస్తున్నారు, ఇవి కావాలి. ఒక ప్రోటీన్ మీద వరుసగా పేపర్లు చదువుతున్న పోస్ట్‌డాక్, ఆ ప్రోటీన్‌కు యాంటీబాడీలు అమ్మే కంపెనీకి చాలా విలువైన మనిషి. అందుకే ఇక్కడ చదవడం కూడా డేటాయే.

పేపరు పేజీలో కనిపించే రీడ్స్ లెక్క (ఎన్నిసార్లు చదివారన్న అంకె) దగ్గర ఒకసారి ఆగి చూడండి. రచయిత తన గణాంకాల పేజీ తెరిస్తే అంకె ఒక్కటే కాదు, ఆ రీడ్స్ ఏ దేశం నుంచి, ఏ సంస్థ నుంచి వచ్చాయో కూడా కనిపిస్తుంది. వేల మంది చదివే పేపరైతే దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. మన దగ్గర చాలా పేపర్లకు వారానికి మూడో నాలుగో రీడ్స్ వస్తాయి. శాసనాల మీదో, ఒక ప్రత్యేకమైన వేరుశనగ తెగులు మీదో రాసిన పేపరుకు వారం మొత్తంలో మూడు రీడ్స్ వచ్చి, అందులో ఒకటి ఫలానా యూనివర్సిటీ నుంచి అని ఉంటే, ఆ యూనివర్సిటీలో ఆ అంశం మీద పనిచేసేవాళ్లు ఇద్దరే అయితే, పేరు చెప్పకుండానే చెప్పినట్టు.

దీనివల్ల అసలు నష్టం పీర్ రివ్యూలో, అంటే అచ్చుకు ముందు తోటి నిపుణులు తమ పేరు బయటపడకుండా పేపరును పరిశీలించే పనిలో జరుగుతుంది. జర్నల్ మీకు ఒక పేపరు రివ్యూకి పంపింది. రచయితల పాత పేపర్లలో ఇదే డేటా వాడారేమో చూద్దామని లాగిన్ అయి ఉన్న బ్రౌజరులోనే నాలుగు పేపర్లు వరుసగా తెరిచారు. రచయిత గణాంకాల్లో అదే వారం, అదే ఊరి సంస్థ నుంచి, ఒక్కసారిగా నాలుగు రీడ్స్. నెల తర్వాత రివ్యూ నివేదిక చేతికొచ్చినప్పుడు రెండూ కలిపి చూసుకోవడం ఏమంత కష్టం కాదు. రివ్యూయర్ పేరు బయటికి రాకూడదని జర్నల్ పడ్డ శ్రమంతా అక్కడ వృథా.

ముందుగా ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి, మీరు చదివినట్టు ఇతరులకు ఏమేం కనిపించాలో తగ్గించుకోండి. రివ్యూ పనికి అది చాలదు. లాగౌట్ అయి, వేరే బ్రౌజరులో, పేపరు డీఓఐ (దానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) పట్టుకుని ప్రచురణకర్త సైటులోనో రిపాజిటరీలోనో చదవండి. ప్రైవేటు విండో తెరిస్తే సరిపోతుందన్నది సగం నిజమే. అది మీ ఖాతాతో ముడి తెంపుతుంది కానీ క్యాంపస్ నెట్‌వర్కు ఐపీ అడ్రసు చాలాసార్లు సంస్థ పేరు మీదే నమోదై ఉంటుంది. రివ్యూ పని మీ మొబైల్ డేటా మీద చేసుకోవడం మేలు.

ఇక ఫైళ్ల సంగతి. తెలుగు రాష్ట్రాల పరిశోధకులకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. సిద్ధాంత గ్రంథాన్ని ఉన్నదున్నట్టు ఒకే పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేసేవాళ్లు కోకొల్లలు. మన థీసిస్ మొదటి పేజీల్లో ఏముంటుంది? గైడు సంతకంతో ధ్రువపత్రం, మీ సంతకంతో డిక్లరేషన్, అందులో హాల్ టికెట్ నంబరు, ప్లేజియరిజం నివేదిక. కొన్నిటికి చివర బయోడేటా కూడా జతచేస్తారు: తండ్రి పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరుతో సహా శాశ్వత చిరునామా, ఫోన్ నంబరు, ఒక్కోసారి కులం, రిజర్వేషన్ కేటగిరీ. శుభ్రంగా స్కాన్ చేసిన సంతకం, పుట్టిన తేదీ, చిరునామా ఒకేచోట దొరికితే మోసగాడికి ఇంకేం కావాలి? గైడు సంతకం బయట పెట్టే హక్కు మీకు లేదని కూడా గుర్తుంచుకోండి.

అప్‌లోడ్‌కు ముందు పావుగంట పని ఉంది. ధ్రువపత్రం, డిక్లరేషన్, నివేదిక, బయోడేటా పేజీలు తీసేసి, మిగతా పేజీల పరిధి ఇచ్చి కొత్త పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ఫోన్ నంబరు మీద నల్ల పెట్టె గీసి పీడీఎఫ్ చేస్తే అది దాగదు. పెట్టె కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే బయటపడతాయి. ఆ అక్షరాలను అసలు ఫైల్లోనే చెరిపేయాలి, లేదా పీడీఎఫ్ ఎడిటర్‌లో రిడాక్ట్ అనే పనిముట్టు వాడాలి. తర్వాత డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరవండి. రచయిత గడిలో మీ పేరుకు బదులు థీసిస్ టైపు చేసిన డీటీపీ సెంటర్ పేరో, ల్యాబ్ కంప్యూటర్ యూజర్ పేరో కనిపించవచ్చు. వర్డ్‌లో అయితే ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ దారిలో వెళ్లి రిమూవ్ ఆల్ నొక్కితే దాగి ఉన్న కామెంట్లు, పాత మార్పులు కూడా పోతాయి. చివరి పరీక్ష: పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. మీ ఫోన్ నంబరులోని నాలుగు అంకెలు, పిన్‌కోడ్, ఊరి పేరు వెతకండి. దొరక్కపోతే ఫైలు సిద్ధం. స్కాన్ చేసిన పేజీలుంటే ఈ పరీక్ష వాటిని పట్టదు, వాటిని కళ్లతో చూడాల్సిందే.

రీసెర్చ్‌గేట్‌లో ఫైలును పబ్లిక్‌గానో ప్రైవేటుగానో పెట్టవచ్చు. ప్రైవేటు అంటే మీకు ఒక్కరికే అని కాదు, ఆ పేపరు సహ రచయితలకూ కనిపిస్తుంది. అచ్చుకాని పనికి అక్కడే ఉచితంగా డీఓఐ కూడా ఇస్తారు. తొందరపడి తీసుకోవద్దు. డీఓఐ వచ్చాక పేరు, శీర్షిక, తేదీ డేటాసైట్ అనే బయటి నమోదు సంస్థకు చేరతాయి. ఫైలు తర్వాత తీసేసినా ఆ నమోదు చెరగదు.

ఇప్పుడు హక్కుల దగ్గరకొద్దాం. కంపెనీ జర్మనీలో ఉంది, మనం గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్నాం, మన మాట ఎవరు వింటారన్నది సహజంగా వచ్చే సందేహం. ఇక్కడ చట్టం మన వైపే ఉంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, యూరప్‌లో స్థాపితమైన కంపెనీ చేసే పనులకు వర్తిస్తుంది. డేటా ఎవరిదన్న దాంతో, వాళ్ల పౌరసత్వంతో, నివాసంతో సంబంధం లేదు. బెర్లిన్‌లో కూర్చున్న కంపెనీని బెర్లిన్ ప్రొఫెసర్ ఏం అడగగలరో గుంటూరు రీసెర్చ్ స్కాలరూ అదే అడగవచ్చు.

అడగడానికి లాయరు అక్కర్లేదు, ఈమెయిలు చాలు. ప్రైవసీ పాలసీ పేజీలో ఉన్న డేటా రక్షణ చిరునామాకు, ఖాతాలో నమోదైన ఈమెయిలు నుంచే రాయండి. జీడీపీఆర్ 15వ అధికరణం కింద నా వ్యక్తిగత డేటా నకలు కావాలి అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆ తర్వాత ఏమేం కావాలో విడివిడిగా రాయండి: నేను చదివిన, వెతికిన, డౌన్‌లోడ్ చేసిన వాటి లాగ్, నా ఆసక్తుల మీద మీరు వేసుకున్న అంచనాలు, ప్రకటనల కోసం నన్ను చేర్చిన వర్గాలు, లాగిన్ అయిన తేదీలు, ఐపీ అడ్రసులు, నా గురించి నేను ఇవ్వని సమాచారం ఎక్కడినుంచి వచ్చింది, ఎంతకాలం ఉంచుతారు, ఎవరెవరికి ఇచ్చారు. ఈ ఆఖరిది తప్పకుండా రాయండి. మా భాగస్వాములకు, ప్రకటనదారులకు అని గుండుగుత్తగా జవాబిస్తే ఒప్పుకోనక్కర్లేదు. ఆస్ట్రియా తపాలా సంస్థ కేసులో ఐరోపా న్యాయస్థానం 2023 జనవరి 12న తేల్చింది: అడిగినవారికి, గుర్తించగలిగినంతవరకు, డేటా అందుకున్నవాళ్ల పేర్లే చెప్పాలి.

జవాబుకు గడువు ఒక నెల. చిక్కుముడి ఉంటే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు కానీ ఆ మాటను కారణంతో సహా మొదటి నెలలోనే మీకు చెప్పాలి. మొదటి నకలుకు డబ్బు అడగకూడదు. మీరెవరో రుజువు చూపమంటే వెంటనే ఆధార్ పంపకండి. నమోదైన ఈమెయిలు నుంచే రాస్తున్నాను, దాని మీద మీకున్న అనుమానమేమిటో చెప్పండి అని అడగండి. సహేతుకమైన అనుమానం ఉంటేనే అదనపు రుజువు అడగవచ్చని చట్టంలోనే ఉంది. తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే బెర్లిన్ డేటా రక్షణ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికీ రుసుము లేదు. ప్రకటనల కోసం నా డేటా వాడొద్దని 21వ అధికరణం కింద విడిగా రాస్తే కారణం చెప్పకుండానే ఆపాలి.

పరిశోధకులు పేపర్లు పెట్టుకునే ఇలాంటిదే మరో సైటు అకడమియా డాట్ ఈడీయూ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. పేరు చివర ఈడీయూ ఉన్నంత మాత్రాన అది విద్యాసంస్థ కాదు, శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రైవేటు కంపెనీ. ఆ ఊరున్న కాలిఫోర్నియా రాష్ట్రపు ప్రైవసీ చట్టం కంపెనీ ఎక్కడుందని కాదు, మీరు అక్కడ నివసిస్తున్నారా అని చూస్తుంది. బే ఏరియాలో స్థిరపడిన తెలుగువారు ఆ హక్కు వాడుకుని 45 రోజుల్లో జవాబు కోరవచ్చు. హైదరాబాదులో ఉన్నవారికి ఆ దారి లేదు. 2025 సెప్టెంబరులో ఈ సైటు నిబంధనలు మార్చి, సభ్యుల పేరు, ఫొటో, గొంతు, సంతకం సైతం తన ప్రచారానికి వాడుకునే లైసెన్సు రాసుకుంది. పరిశోధకులు గట్టిగా నిలదీశాక ఆ మాటలు సవరించింది. నిబంధనలు మారాయి అని వచ్చే ఈమెయిళ్లను చదవకుండా డిలీట్ చేయకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ (డీపీడీపీ) చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. భారతీయులకు సేవలందించే విదేశీ కంపెనీలకూ అది వర్తిస్తుంది. ఒక మెలిక ఉంది: మీ అంతట మీరే అందరికీ కనిపించేలా పెట్టిన డేటాను ఈ చట్టం పట్టించుకోదు. పబ్లిక్ ప్రొఫైల్‌లో ఫోన్ నంబరు పెట్టుకున్నవారికి దీని అర్థం ఏమిటో ఊహించుకోవచ్చు.

ఆర్కిడ్ లాభాపేక్ష లేని సంస్థ. ప్రతి అంశానికీ మూడు స్థాయిలు ఇస్తుంది: అందరికీ, నమ్మిన సంస్థలకు, నాకు మాత్రమే. పద్ధతి బాగుంది. ఒక్కటే జాగ్రత్త. అందరికీ అని పెట్టిన సమాచారాన్నంతా ఏడాదికోసారి ఒకే ఫైలుగా, ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా విడుదల చేస్తారు. తర్వాత దాచుకున్నా, అప్పటికే దించుకున్నవాళ్ల దగ్గర పాత నకలు ఉండిపోతుంది.

ఖాతా మూసేయాలనుకునేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఈమెయిలు దగ్గర. రీసెర్చ్‌గేట్‌లో చాలామంది యూనివర్సిటీ ఈమెయిలుతోనే చేరతారు. డిగ్రీ చేతికొచ్చాక, ఉద్యోగం మారాక సంస్థ ఆ ఈమెయిలు మూసేస్తుంది. పాస్‌వర్డ్ గుర్తుండదు, రీసెట్ లింకు పాత చిరునామాకే పోతుంది, ఖాతా మీదే అయినా మీ చేతిలో ఉండదు. సంస్థ వదిలే ముందే సొంత ఈమెయిలు జోడించి, ధ్రువీకరించి, దాన్నే ప్రధాన చిరునామా చేసుకోండి. ఆర్కిడ్‌లోనూ అంతే, కనీసం రెండు ఈమెయిళ్లు ఉంచండి.

డిలీట్ నొక్కే ముందు డేటా నకలు తెప్పించుకోండి, తర్వాత అడిగితే దొరికేది తక్కువ. మీ ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసేయండి, ఆ తర్వాత ఖాతా మూయండి. ప్రొఫైల్ పోతుంది కానీ పేపరు పేజీల్లో రచయితగా మీ పేరు ఉంటుంది, ఎందుకంటే అది అచ్చయిన పేపరు వివరం. సహ రచయిత పెట్టిన ఫైలు కూడా అలాగే ఉంటుంది. అందులో మీ చిరునామానో నంబరో ఉంటే ముందు సహ రచయితకే ఫోన్ చేసి తీయించడం త్వరగా తెమిలే పని. రెండు వారాలాగి మీ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. పోయిన పేజీ ఇంకా ఫలితాల్లో కనిపిస్తుంటే, పాతబడిన సమాచారాన్ని తొలగించమని కోరే గూగుల్ ఫారంలో ఆ లింకు ఇవ్వండి.