నీ కల్లు చూడగానే

లండన్‌లో వెంబ్లీ దగ్గర ఒక చిన్న స్టూడియోలో చేరిన కొత్తలో నా పని పాటలు చేయడం కాదు, తుడవడం. ఊపిరి చప్పుళ్ళు తగ్గించడం, నోటి చిటుకులు ఏరడం, శ్రుతి జారినచోట మెలోడైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో స్వరాన్నీ పట్టుకుని లాగడం. ఒక్క గొంతుకి రోజంతా పట్టేది, అచ్చం బియ్యంలో రాళ్ళేరినట్టు. చచ్చే బోర్. కానీ నా అద్దె దానిమీదే నడిచింది, చెవి కూడా అక్కడే తయారైంది.

2019లో డీజర్ అనే మ్యూజిక్ యాప్ వాళ్ళు స్ప్లీటర్ అనే టూల్‌ని ఉచితంగా వదిలినప్పుడు, మిక్స్ అయిపోయిన పాటలోంచి గొంతు విడిగా ఊడి వస్తుంటే నోరెళ్ళబెట్టాం, నీళ్ళలోంచి పాడినట్టు ఉన్నా సరే. 2024 మేలో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో 11లో అదొక బటన్ అయిపోయింది, పక్కనే బేస్, కీబోర్డ్ వాయించే ఏఐ ప్లేయర్లు కూడా. అబద్ధమెందుకు, నేనూ వాడతాను. పాత క్యాసెట్‌లో పియానో కింద నలిగిన జాన్ లెనన్ గొంతుని వేరుచేసి 2023లో బీటిల్స్ పాట విడుదల చేస్తే మాలో ఎవరూ మోసం అనలేదు. అదే బాలు గారి గొంతుని అడక్కుండా ఏఐతో ఒక సినిమాలో వాడారని 2024లో ఆయన కొడుకు చరణ్ గారు లీగల్ నోటీసు పంపిన వార్త చదివినప్పుడు మాత్రం కడుపులో తిప్పింది.

మా దగ్గర ఇప్పుడు అసిస్టెంట్లని తీసుకోవట్లేదు. ఖమ్మం నుంచి కుర్రాళ్ళు "అన్నా, ఏదైనా ఛాన్స్ ఉందా" అని మెసేజ్ పెడతారు. ఏం చెప్పను, నేను ఎక్కిన మొదటి మెట్టే తీసేశారు.

మొన్న స్లౌ నుంచి ఒకబ్బాయి వచ్చాడు, అక్క సంగీత్ కోసం పాటలు కట్టే ఏఐ యాప్ సునోలో చేసిన పాటతో. "అంతా రెడీ అన్నా, లెవెల్స్ చూసి పెట్టు చాలు." ట్యూన్ బాగుంది, అదే నా బాధ. పల్లవిలో "నీ కళ్ళు చూడగానే" దగ్గర ఆపి రెండోసారి వినిపించా. వాడికేం తేడా తెలియలేదు, ఇక్కడే పుట్టాడు.

"మీ తాతయ్య పెళ్ళికి వస్తున్నారా?"

"వస్తున్నారన్నా, వరంగల్ నుంచి."

"అయితే ఆయన ఒక్కరికి అర్థమవుతుంది, మీ బావ మురిసిపోతున్నది కల్లు ముంతని చూసి అని."

స్పెల్లింగ్ మార్చి చూశాం, కల్లే. "కన్నులు" అని రాస్తే మొత్తం పాటే ఇంకోలా వచ్చింది. చివరికి గొంతు తీసేసి, హారోలో నర్సుగా చేసే తెనాలి అక్కని పిలిస్తే, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి, రెండు టీలు తాగి పాటంతా పాడింది.

బిల్లు పంపాక అబ్బాయి ఫోన్ చేశాడు. "సూపర్ అన్నా. కానీ మార్చింది ఒక్క మాటే కదా, కొంచెం చూసుకోరాదూ?"