కళ్లు మసకబారితే ఎలుకను పెట్టకండి

ఇంట్లో పెంచుకునే కొండచిలువ జాతి పాము బాల్ పైథాన్ తిండి మానేసిందని కంగారుపడే ముందు ఒకసారి దాని పొట్ట కింద చూడండి. తెల్లగా ఉండాల్సిన పొలుసులు లేత గులాబి రంగుకు తిరిగితే కుబుసం దగ్గర పడినట్టే. ఆ తర్వాత ఒంటి రంగు వెలిసిపోతుంది, కళ్లకు నీలం కలిసిన పాలపొర కమ్ముతుంది. పాత చర్మానికీ కింద తయారైన కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరడం వల్ల వచ్చే మసక అది. చూపు ఆనక పాము బెదురుగా ఉంటుంది, చాలావరకు తిండి ముట్టదు.

కొద్ది రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. పని అయిపోయిందనుకుని చాలామంది తిండికి గడ్డకట్టిన ఎలుకను కరిగించేది సరిగ్గా అప్పుడే. కుబుసం ఊడేది మాత్రం ఆ తర్వాత నాలుగైదు రోజులకు. మొత్తం పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పొట్ట రంగు మారిన తేదీ రాసిపెట్టుకుంటే ఒక ఎలుకా వృథా కాదు, పామునూ విసిగించరు.

మామూలు రోజుల్లో గాలిలో తేమ 60 నుంచి 70 శాతం ఉంటే చాలు, కుబుసం రోజుల్లో 75 దాటనివ్వండి. హైదరాబాద్‌లో ఏసీ గదైనా, డాలస్‌లో జనవరి హీటరైనా గాలిని ఒకేలా ఎండగడతాయి. అందుకని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పాము దూరేంత కంత చేసి, తడిపిన స్ఫాగ్నమ్ నాచు నింపి లోపల పెట్టండి. నాచును గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా రాకూడదు. తేమ కోసం ట్యాంకు అడుగంతా తడిపేస్తే పొట్ట పొలుసులకు పుండ్లు పడతాయి.

ఊడిన కుబుసాన్ని పారేయకండి. మేజోడు తిరగేసినట్టు మూతి నుంచి తోక దాకా ఒక్క ముక్కగా వచ్చి ఉండాలి. వెలుతురుకు పట్టుకుని చూస్తే తల దగ్గర కళ్లజోడు అద్దాల్లా రెండు గుండ్రటి పొరలు కనబడాలి, తోక కొస కూడా ఉండాలి. తోక మీద మిగిలిపోయిన వలయం ఎండి బిగుసుకుంటే రక్తం అందక కొస నల్లబడి రాలిపోతుంది.

ముక్కలు ముక్కలుగా వస్తే, గాలి ఆడే డబ్బాలో గోరువెచ్చటి తడి తువ్వాలు వేసి, పామును అరగంట అందులో ఉంచండి. తర్వాత తువ్వాలును వదులుగా పట్టుకుని పామును దానంతట దాన్ని పాకనివ్వండి. గోళ్లతో పీకొద్దు, కొబ్బరినూనె రాయొద్దు. కంటిపొర మిగిలితే పట్టకారు జోలికి అసలు పోకండి. తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగండి, అప్పటికీ పోకపోతే సరీసృపాలు చూసే డాక్టరే తీయాలి.

ఇక తిండి. వంటింటి త్రాసు మీద పామును తూచండి. అర కిలోలోపు పిల్లకు దాని బరువులో పదో వంతు, వారానికోసారి. అర కిలో నుంచి కిలో దాకా 7 శాతం, రెండు వారాలకోసారి. పెద్దదానికి 5 శాతం, మూడు నాలుగు వారాలకోసారి. కిలోన్నర పాముకు 75 గ్రాముల ఎలుకన్నమాట.

గడ్డకట్టిన ఎలుకను రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, జిప్ కవర్లో పెట్టి అరగంట వేడినీళ్లలో ఉంచండి. పొట్ట నొక్కితే చల్లటి గడ్డ తగలకూడదు. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పగులుతుంది. చివర్లో తలను మాత్రం 38 డిగ్రీల దాకా వేడెక్కించండి. పైథాన్ పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి, చల్లటి ఎలుక దానికి ఎలుకలా తోచదు. పొడవాటి పట్టకారుతో, దీపాలు తగ్గించి, పక్క నుంచి అందించండి. బతికున్న ఎలుకను వదలొద్దు, అది పాము కళ్లను కొరికేయగలదు.

తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి. ట్యాంకు వెచ్చటి మూల 31 నుంచి 33 డిగ్రీలు లేకపోతే తిండి అరగక కక్కేస్తుంది. కక్కితే రెండు వారాలు ఆగి, సగం సైజుది ఇవ్వండి.

మగ పాములు చలికాలంలో నెలల తరబడి తినకపోవచ్చు. వారానికోసారి తూచండి. రోజు విడిచి రోజు ఎలుకను చూపిస్తే ఇంకా ముడుచుకుపోతుంది. బరువు పదో వంతు తగ్గినా, ఊపిరిలో గురక వినిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన దేశంలో పెంచేవాళ్లు 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో పామును నమోదు చేయించి, ఆ కాగితం దగ్గర ఉంచుకోవాలి.

నాగుల చవితికి ఎవరైనా పాలు పట్టబోతే ఆపండి, పాముకు పాలు అరగవు. రోజూ మార్చిన మంచినీళ్ల గిన్నె ఉంటే చాలు.