బెంచ్ మీద

ఆఫీసులో చేతిలో ప్రాజెక్ట్ లేకుండా నెల రోజులుగా బెంచ్ మీద ఉన్నాను. నేను మొదటి నుంచీ కట్టుకొచ్చిన ప్రాజెక్ట్‌ను కొత్తగా వచ్చిన అబ్బాయికి ఇచ్చారు, కోపం వాడి మీద కాదు గానీ ఎదురుపడితే మాట మాత్రం రావడం లేదు.

రాత్రి నిద్ర పట్టక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జేలెన్ హర్ట్స్ కాలేజీ రోజుల మ్యాచ్‌లు చూస్తూ కూర్చున్నాను. మొదటి ఏడాదే అలబామా యూనివర్సిటీ జట్టుకి క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు వేస్తూ దాడిని నడిపించే ఆటగాడు అయ్యాడు, రెండు సీజన్లలో అతను ఆరంభం నుంచీ దిగిన మ్యాచ్‌ల్లో ఓడినవి రెండే. అయినా 2018 జనవరి 8న అట్లాంటాలో, జాతీయ ఫైనల్లో, ప్రత్యర్థి జార్జియా యూనివర్సిటీ 13-0తో ముందుందని కోచ్ నిక్ సేబన్ హాఫ్‌టైమ్‌లో అతన్ని తీసేసి, అదే జట్టులోని టువా టాంగోవైలోవాను దింపాడు. అప్పటికి హర్ట్స్‌కి 19 ఏళ్లు! ఓవర్‌టైమ్‌లో టువా 41 గజాల పాస్ వేసి 26-23తో గెలిపించాడు, హర్ట్స్ మైదానం గీత అవతల నిలబడి అతని కోసం సంబరపడ్డాడు.

తర్వాతి సీజన్‌లో చోటు టువాదే. హర్ట్స్ వెళ్లిపోలేదు, ప్రాక్టీస్‌కి వస్తూనే ఉన్నాడు. డిసెంబర్ 1న అదే స్టేడియం, అదే జార్జియా, ఆఖరి క్వార్టర్‌లో 28-21తో వెనకబడి ఉండగా టువా చీలమండకి దెబ్బ తగిలింది. హర్ట్స్ దిగాడు, ఒక టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) పాస్‌తో స్కోరు సమం చేశాడు, నిమిషం పైచిలుకు మిగిలి ఉండగా బంతి తనే పట్టుకుని 15 గజాలు పరుగెత్తి ఆ గీత దాటేశాడు. 35-28.

ఆ పరుగు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో. తెల్లారాక ఆ అబ్బాయికి ఫోన్ చేసి, కోడ్‌లో ఎక్కడైనా ఇరుక్కుంటే అడుగు తమ్ముడూ అన్నాను.