మౌనం ఎక్కడ అంగీకారం?

బెంగళూరుకు వచ్చిన రెండో ఏడు, మారతహళ్లిలోని అద్దె గదిలో కూర్చుని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌కు నా మొదటి ప్యాచ్ పంపాను. ఒక పరికరాన్ని నడిపించే డ్రైవర్ కోడ్‌లో నాలుగు వరుసల సవరణ, అంతే. వారం గడిచినా జవాబు రాలేదు. ఆఫీసులో ఎవరూ అడ్డు చెప్పకపోతే పని సాగిపోయినట్టే కాబట్టి, మౌనం అర్ధాంగీకారమనుకుని నిశ్చింతగా ఉన్నాను. పక్క సీటులో కూర్చునే అనంతపురం అన్న నవ్వి, "అది ఒప్పుకున్నట్టు కాదప్పా, ఇంకా ఎవరూ చూడలేదని. కొన్నాళ్లు ఆగి మళ్లీ గుర్తు చెయ్యి" అన్నాడు.

కెర్నెల్‌లోకి ఏ మార్పూ దానంతటది చేరదు. ఏ భాగానికి ఎవరు మెయింటెయినరో, అంటే దాని బాగోగులు చూసేవారెవరో, సోర్సు కోడ్‌లోని ఒక ఫైలులోనే రాసి ఉంటుంది. ఆ వ్యక్తి చదివి, ఒప్పుకుని, తన గిట్ ట్రీలో, అంటే తన దగ్గరున్న కోడ్ ప్రతిలో, చేర్చుకున్నాకే అది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాకా వెళ్తుంది. ఒక వెర్షన్ విడుదల కాగానే తెరుచుకునే రెండు వారాల మెర్జ్ విండోలోనే ఆయన కొత్త పనులు తీసుకుంటారు, మిగిలిన ఏడెనిమిది వారాలూ దోషాలు సరిదిద్దడానికే. నేను పంపింది సరిగ్గా ఆ రెండు వారాల్లో, మెయింటెయినర్లు అప్పటికే సిద్ధం చేసినవాటిని ఆయనకు పంపే హడావిడిలో ఉన్నప్పుడు. పెళ్లివారింటికి ముహూర్తం వేళ వెళ్లి పాత బాకీ సంగతి ఎత్తినట్టయింది.

ఎన్నో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లకు నీడనిచ్చే సంస్థ అపాచీ ఫౌండేషన్. దాని ప్రాజెక్టులలో ఇదే మౌనానికి అర్థం వేరు. ప్రతిపాదనను రాతలో పెట్టి, సాధారణంగా 72 గంటలు ఆగుతారు. అభ్యంతరం రాకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మన సామెతలోని సగం అంగీకారం అక్కడ పూర్తి అంగీకారమన్నమాట. మనకు తెల్లవారేసరికి కాలిఫోర్నియాలో ఇంకా నిన్నటి సాయంత్రమే కనుక, పైగా ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో చూసేవారు చాలామంది కనుక, అంత గడువు కావలసిందే. కోడ్ మార్పుపై ఓటు హక్కున్న ఒక్కరు మైనస్ ఒకటి, అంటే వద్దు, అన్నా పని ఆగుతుంది, అయితే సాంకేతిక కారణం చూపని వీటో చెల్లదు. "ఎందుకో నచ్చలేదు" అన్న ఒక్క మాటతో నెలల పని అటకెక్కడం ఆఫీసు మీటింగుల్లో చూసినవాణ్ని కాబట్టి, ఆ ఒక్క నియమం మీద నాకు ప్రత్యేకమైన మక్కువ.

మెర్జ్ విండో ముగిశాక మెయింటెయినర్‌కు గుర్తు చేశాను. మూడు రోజులకు జవాబు వచ్చింది: సవరణ సరైనదే, ఎందుకు చేశానో మాత్రం ఎక్కడా చెప్పలేదట. నాలుగు వరుసల సవరణకు తొమ్మిది వరుసల వివరణ రాసి మళ్లీ పంపాను.