గోల చేసే ట్రాన్సిస్టర్ల కోసం బెంగళూరు దాకా

కాచిగూడలో ఎక్కిన మైసూరు ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్ దాటేసరికి, నా ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ తెర మీద ఒక గీత తాడు పట్టి గీసినట్టు తిన్నగా 12 వోల్టుల దగ్గర నిలిచి ఉంది. అది చిందరవందరగా వణకవలసిన గీత. ఎన్నిసార్లు నడిపినా ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో అది వణకదని తెలిసి కూడా, దారి పొడవునా చేయడానికి వేరే పని లేక, రెసిస్టర్ విలువలు మారుస్తూ కూర్చున్నాను.

ఇంట్లో కట్టుకుంటున్న సింథసైజర్‌కు నాకొక నాయిస్ మాడ్యూల్ కావాలి. స్నేర్ డ్రమ్ము దెబ్బ వెనక వినిపించే బుస, ఈదురుగాలి, అలల చప్పుడు తయారుచేసేది ఏ శ్రుతీ లేని హోరును ఫిల్టర్ల గుండా పంపించే. ఆ హోరును పుట్టించే పద్ధతి పాతది, చవకైనది. ఒక ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో కలెక్టర్‌ను దేనికీ కలపకుండా వదిలేసి, బేస్‌ను గ్రౌండుకు కలిపి, ఎమిటర్‌కు లక్ష ఓముల రెసిస్టర్ ద్వారా 12 వోల్టులు ఇవ్వాలి. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్యనున్న జంక్షన్‌కు ఇది రివర్స్ దిశ కాబట్టి మొదట కరెంటు పారదు. ఏడెనిమిది వోల్టుల దగ్గర మాత్రం అది తట్టుకోలేక తెగుతుంది, ఒక ఎలక్ట్రాన్ మరికొన్నింటిని ఊడగొట్టగా అవి ఇంకొన్నింటిని ఊడగొడుతూ, కొండచరియ జారినట్టు, ఒక క్రమం లేకుండా కరెంటు విరుచుకుపడుతుంది. ఆ క్రమం లేకపోవడమే మనకు కావలసిన సరుకు.

స్పైస్‌లోని మామూలు ట్రాన్సిస్టర్ మోడల్‌కు ఈ తెగడం గురించి ఏమీ తెలియదు. ఎనిమిది వోల్టులకు తెగే డయోడ్‌ను పక్కన కలిపితే గీత 12 నుంచి 8కి దిగుతుంది గానీ అక్కడా మౌనంగానే ఉంటుంది, ఎందుకంటే కాలంతో పాటు నడిచే ఆ సిమ్యులేషన్‌లో నాయిస్ దానంతటది పుట్టదు. అందుకని 'వైట్' అనే ఫంక్షన్‌తో సెకనుకు రెండు లక్షల సార్లు విలువ మారే ఒక కృత్రిమ మూలాన్ని పెట్టి, దాన్ని 0.01తో గుణించి, పది మిల్లీవోల్టుల హోరును నేనే అరువు తెచ్చాను. వింత ఏమిటంటే, ఎన్నిసార్లు నడిపినా ఆ 'యాదృచ్ఛికత' అచ్చంగా అదే వరుసలో వస్తుంది. దాన్ని వేవ్ ఫైలుగా మార్చి ఇయర్‌ఫోన్లలో విన్నాను. రైలు చప్పుడులో తేడా పట్టలేకపోయాను.

అయినా సిమ్యులేషన్‌ను నిందించను. ఆ హోరును వెయ్యి రెట్లు పెంచడానికి టీఎల్072 అనే ఆంప్లిఫయర్ చిప్పుతో ఒకే ఒక దశను నమ్ముకున్న నా తొలి నమూనాలోని తప్పును పట్టిచ్చింది అదే. ఆ చిప్పు గెయిన్-బ్యాండ్‌విడ్త్, అంటే పెంచే రెట్లను (గెయిన్‌ను) అది అందుకోగల ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చేది, మూడు మెగాహెర్ట్జ్ కాబట్టి, వెయ్యి రెట్ల దగ్గర మూడు కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దమంతా అణగారిపోయి, బుస కాస్తా దుప్పటి కప్పుకొన్న గొణుగుడుగా మారుతుంది. ముప్ఫయ్యేసి రెట్ల చొప్పున రెండు దశలుగా విడదీస్తే ఒక్కో దశకు లక్ష హెర్ట్జ్ దాకా చోటు దొరుకుతుంది. కర్నూలు వచ్చే లోపు ఇది తేలిపోయింది. తేలనిది ట్రాన్సిస్టర్ ఒక్కటే.

హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో అంతకుముందే రెండు డజన్ల బీసీ547 రకం ట్రాన్సిస్టర్లు కొని చూశాను. అన్నీ ఒకే బ్యాచ్‌వి, అన్నీ బుద్ధిమంతులు. చెవికి ఆనేంత గోల చేసినవి రెండే. 1980లో వచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రం కోసం లోపమున్న ట్రాన్సిస్టర్లనే ఏరి కొనేవాళ్లమని, తయారీ మెరుగై ఆ లోపపు సరుకు దొరకకపోవడంతో యంత్రాన్నే ఆపేయవలసి వచ్చిందని రోలండ్ సంస్థాపకుడు ఇకుతారో కకెహాషి తరువాత చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నాక్కూడా పాత సరుకే కావాలి. అందుకే బెంగళూరులో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డుకు ఈ ప్రయాణం.

మెజెస్టిక్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దూరం చిక్‌పేట. అక్కడి నుంచి ఎస్పీ రోడ్డుకు నడిచే పోవచ్చు. పదిన్నరకు గాని షట్టర్లు లేవలేదు. సీసీ కెమెరాలూ ఎల్‌ఈడీ పట్టీలూ అమ్మే వెడల్పాటి దుకాణాల వెనక, మెట్ల కింద ఇరుకు కొట్టులో, సొరుగుల మీద సుద్దముక్కతో నంబర్లు రాసుకున్న ఒక పెద్దాయన దొరికారు. మా ముత్తాతలది హిందూపురం అన్నారు. నాకేం కావాలో చెప్పాక, నన్నూ నా సంచినీ ఒకసారి పరకాయించి చూసి, "మంచివి అడిగేటోళ్లే వస్తారప్పా ఈడికి. గోల చేసేవి అడిగేటోన్ని నిన్నే చూస్తాండా" అన్నారు.

నేను సంచిలోంచి పరీక్ష పరికరం తీశాను: సాల్డర్ చేయకుండానే భాగాలను గుచ్చుకునే ఒక బ్రెడ్‌బోర్డు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, ఒక టీఎల్072, ఇయర్‌ఫోన్. ఇక్కడొక కిటుకు ఉంది. రెండు బ్యాటరీలు కలిసే చోటే గ్రౌండు కాబట్టి, బేస్‌ను దానికి కలిపితే జంక్షన్‌కు అందేది 9 వోల్టులే, బ్యాటరీ కాస్త నీరసిస్తే గోల ఆగిపోతుంది. అందుకని బేస్‌ను మైనస్ బ్యాటరీ కొసకు కలిపి 18 వోల్టులు అందేలా చేశాను. తీరా ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గోల లేదు, 'ఝుమ్మ్' అని కరెంటు మోత మాత్రం నిండుగా ఉంది. లక్ష ఓముల దగ్గర వేలాడే ఎమిటర్ తీగ, కొట్టులోని ప్రతి ట్యూబ్‌లైటు మోతనూ యాంటెన్నాలా పట్టేస్తోంది. పెద్దాయన సంగతి గ్రహించి, స్క్రూలు పోసుకున్న బిస్కెట్ డబ్బాను ఖాళీ చేసి ఇచ్చారు. బోర్డును అట్టముక్క మీద దానిలో పెట్టి, రేకును గ్రౌండుకు కలిపి మూత వేయగానే మోత మాయమైంది.

గంటన్నర సేపు ఒక్కొక్కటిగా గుచ్చి తీశాను. 2ఎన్3904 రకం ట్రాన్సిస్టర్లు సన్నగా, సమంగా బుసకొట్టాయి. కొన్ని బీసీ547లలో హోరు మధ్య పేలాలు వేగినట్టు చిటపటలు వచ్చాయి. డ్రమ్ముకు అవి పనికిరావు గానీ, వానకు బాగుంటాయని రెండింటిని దాచుకున్నాను. అసలు దొర మాత్రం ఆఖరున, అడుగు సొరుగులో, కాళ్లు నల్లబడిన పాత బీసీ148ల పొట్లంలో బయటపడ్డాడు. ఇదే ఊళ్లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు చేసిన సరుకట. మొదటిదాన్ని గుచ్చగానే చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాగేయవలసి వచ్చింది. పెద్దాయన కూడా అడిగి పెట్టుకుని విని, "ఇది రేడియోలో ఉండింటే నా దగ్గరికే రిపేరుకు తెచ్చేటోళ్లు" అన్నారు. పొట్లంలోని తొమ్మిదింటికి డబ్బు తీసుకున్నారు గానీ డబ్బాకు తీసుకోలేదు.

తిరుగు రైల్లో తెర మీది 0.01ని చెరిపి, బీసీ148 దగ్గర రాత్రి లాడ్జిలో చూసిన ఉజ్జాయింపు విలువ 0.03 పెట్టాను. తొమ్మిది వందల రెట్ల గెయిన్ దగ్గర హోరు పైనా కిందా కత్తిరించినట్టు సరఫరా వోల్టుల హద్దుల దగ్గరే నిలబడిపోయింది. రెండో దశను పదకొండు రెట్లకు తగ్గిస్తే పది వోల్టుల నిడివిలో ఒదిగింది. హోరును మెత్తబరిచే పింక్ ఫిల్టర్, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ (ఆక్టేవుకు) మూడు డెసిబెల్స్ తగ్గించేది, ఇంకా మిగిలే ఉంది. ఒక్క రెసిస్టర్-కెపాసిటర్ జత ఆరు తగ్గిస్తుంది కాబట్టి, నాలుగైదు జతలను మెట్లుగా పేర్చి ఆ వాలును మధ్యకు మళ్లించాలి. ఆ పనికి మాత్రం తెరను మించిన చోటు లేదు.

ఇంటికి రాగానే జీరో పీసీబీ (చిల్లుల బోర్డు) మీద బీసీ148ని నేరుగా సాల్డర్ చేయకుండా సాకెట్‌లో కూర్చోబెట్టి, బోర్డు మొత్తాన్ని ఆ బిస్కెట్ డబ్బాలోనే బిగించాను. పరీక్షలో మౌనంగా ఉండిపోయిన ముప్ఫై ఏడు ట్రాన్సిస్టర్లూ, ఒకసారి అలా తెగిన జంక్షన్ తన గెయిన్‌ను కొంత పోగొట్టుకుంటుంది కాబట్టి, 'ఆంప్లిఫయర్లలో వాడరాదు' అని రాసిన విడి పొట్లంలో ఉన్నాయి.